రంగు కలిసింది.. మెరుపు కలవలేదు!

ఒకే గోడ, ఒకే డబ్బా, ఒకే షేడ్ నంబరు. అయినా లైటు వేయగానే అతుకు బయటపడుతుంది. ఇంటికి రంగులు వేయించేటప్పుడు ఏ రంగన్నది వారాల తరబడి ఆలోచిస్తాం. ఎంత మెరుపన్నది మాత్రం షాపు కౌంటర్ దగ్గర ఒక్క నిమిషంలో తేల్చేస్తాం. గోడలు అందంగా కుదరడం, కుదరకపోవడం చాలావరకు ఆ ఒక్క నిమిషం మీదే ఆధారపడి ఉంది. ఇప్పటికే తేడా వచ్చిన గోడలను బాగుచేసుకునే దారీ ఉంది.

గృహప్రవేశం వారంలోకి వచ్చిందనగా ఏదో స్విచ్‌బోర్డు జరపాల్సి వస్తుంది. ఎలక్ట్రీషియన్ గోడ కొట్టిన చోట సిమెంటు పూసి, పైన లప్పం పెట్టి, మిగిలిన రంగుతో పెయింటర్ టచప్ చేసి వెళ్తాడు. పగలు ఎదురుగా నిలబడి చూస్తే అంతా బాగానే ఉంటుంది. సాయంత్రం ఫాల్స్ సీలింగు అంచున ఎల్‌ఈడీ లైట్లు వెలిగేసరికి గోడ నడుమ జానెడు చోటు వెలవెలబోతూ కనిపిస్తుంది. రంగు తప్పు కలిపారని ఇంటివాళ్లు షాపుకెళ్తారు. షాపువాళ్లు కంప్యూటర్‌లో కోడ్ చూపిస్తారు. చివరికి మాట మేస్త్రి మీదకు వస్తుంది. ముగ్గురూ వాదించుకునేది రంగు గురించే. గోడ మీద తేడా వచ్చిందేమో మెరుపులో. రోగం ఒకటైతే మందు మరొకటి వేస్తే ఎలా తగ్గుతుంది?

వెలుగు చేసే పని

ఏ పెయింటు డబ్బాలోనైనా ముఖ్యంగా ఉండేవి మూడు. మొదటిది పొడి. తెల్లదనానికి టైటానియం డయాక్సైడ్, దానికి తోడుగా సుద్ద, టాల్క్, చైనా క్లే లాంటివి. రెండోది ఆ పొడిని గోడకు పట్టి ఉంచే రెసిన్. మూడోది వీటిని పల్చగా ఉంచే నీళ్లు, లేదా ఎనామిల్ అయితే టర్పెంటైన్ లాంటి ద్రావకం. ఆరాక గోడ మీద మిగిలేవి మొదటి రెండే. వాటి పాళ్లను బట్టే మెరుపు.

రెసిన్ పాలు ఎక్కువైతే పైపొర నున్నగా పరుచుకుంటుంది. పడిన వెలుగును ఒకే దిక్కుకు తిప్పి పంపుతుంది. అది గ్లాస్ ఫినిష్. పొడి పాలు పెరిగేకొద్దీ సన్నటి రేణువులు పైకి పొడుచుకొస్తాయి. వెలుగు వాటి మీద పడి నలుదిక్కులా చెదిరిపోతుంది. అది మ్యాట్. నడుమ ఉన్నవి శాటిన్, సెమీ గ్లాస్. కొన్ని రంగుల్లో మెరుపు తగ్గించడానికి సన్నటి సిలికా పొడి కూడా కలుపుతారు.

ఇక్కడే ఇంకో చిక్కుంది. మ్యాట్ మీద చెదిరిన తెల్ల వెలుగు కూడా కంటికి చేరుతుంది కాబట్టి రంగు కాస్త వెలిసినట్టు అనిపిస్తుంది. అదే షేడ్ గ్లాస్‌లో చిక్కగా, ముదురుగా కనిపిస్తుంది. అంటే ఒకే కోడ్‌ను రెండు ఫినిష్‌ల్లో కలిపిస్తే కంటికి అవి రెండు రంగులే. హాలుకు శాటిన్ వేయించి, డబ్బా అయిపోయిందని చివరి గోడకు అదే కోడ్ మ్యాట్‌లో తెప్పిస్తే, కంప్యూటర్ ఎంత కచ్చితంగా కలిపినా ఆ గోడ మిగతావాటితో కలవదు.

ఎదురుగా కనబడని అతుకు పక్క నుంచి ఎందుకు కనిపిస్తుందన్నదానికీ జవాబు వెలుగులోనే ఉంది. మెరుపును కొలిచే గ్లాస్ మీటర్ గోడ మీదకు ఒక కోణంలో వెలుగు పంపి, ఎంత తిరిగొచ్చిందో చూస్తుంది. మామూలుగా ఆ కోణం 60 డిగ్రీలు. మ్యాట్ రంగులకు మాత్రం 85 డిగ్రీల్లో కొలుస్తారు. అంటే వెలుగు దాదాపు గోడను రాసుకుంటూ పోయే కోణం. ఎదురుగా చూస్తే మెరవని గోడ కూడా ఆ కోణంలో ఎంతోకొంత మెరుస్తుంది. గోడ పక్కనున్న కిటికీ నుంచి వచ్చే ఎండ, సీలింగు అంచు నుంచి జారే ఎల్‌ఈడీ వెలుతురు గోడ మీద పడేది ఇలాగే. పాత ఇళ్లలో గది నడుమ వేలాడే బల్బు కింద దాగిన లోపాలను నేటి లైట్లు దాగనివ్వడం లేదు.

డబ్బా మీది పేర్లు.. కొలతలు

నల్లటి నున్నటి గాజు పలక మెరుపును 100గా తీసుకుని మిగతావి లెక్కిస్తారు. ఉత్తర అమెరికాలో పెయింటర్లు ప్రమాణంగా తీసుకునే ఎంపీఐ (మాస్టర్ పెయింటర్స్ ఇన్‌స్టిట్యూట్) పట్టిక ప్రకారం 60 డిగ్రీల కోణంలో అంకెలు ఇలా ఉంటాయి.

- ఫ్లాట్ లేదా మ్యాట్: 5కు మించదు
- ఎగ్‌షెల్: 10 నుంచి 25
- శాటిన్: 20 నుంచి 35
- సెమీ గ్లాస్: 35 నుంచి 70
- గ్లాస్: 70 నుంచి 85
- హై గ్లాస్: 85 పైన

శాటిన్ అన్న ఒక్క పేరు కిందే 20 కూడా ఉంది, 35 కూడా ఉంది. పైగా కంపెనీలు తమ రంగులకు సొంత పేర్లు పెట్టుకుంటాయి. కాబట్టి ఒక కంపెనీ శాటిన్ పక్కన ఇంకో కంపెనీ శాటిన్ వేస్తే రెండూ ఒకేలా మెరుస్తాయని నమ్మకూడదు.

సున్నం గోడలకు లేని బాధ

మన ఊళ్లలో సంక్రాంతికో, ఇంట్లో పెళ్లికో సున్నం వేయించే రోజుల్లో ఈ సమస్య ఎవరికీ తెలియదు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారి గోడలో కలిసిపోతుంది. పైన మెరిసే పొర అంటూ ఏర్పడదు. రాలకుండా కాస్త బంక, తెల్లగా కనబడటానికి కాస్త నీలిమందు కలిపేవారు. అన్నిటికన్నా ముఖ్యం, గోడ మొత్తానికీ వేసేవారు. మరక పడిన చోట మాత్రమే వెల్ల వేసి ఊరుకునే అలవాటు లేదు.

తర్వాత డిస్టెంపర్ వచ్చింది, ఆపైన ప్లాస్టిక్ ఎమల్షన్లు వచ్చాయి. గోడను తడిగుడ్డతో తుడుచుకునే వీలు కలిగింది. ఏళ్ల తరబడి రంగు నిలుస్తోంది. ఆ మన్నికతోపాటే ‘ఇక్కడొక్కటే కాస్త అద్దితే చాలదా’ అన్న ఆలోచనా వచ్చింది. మెరుపున్న గోడ ఆ అద్దకాన్ని ఒప్పుకోదు. పాతకాలపు పద్ధతిలోని మూలసూత్రం, అంటే గోడను మూల నుంచి మూల దాకా ఒకటిగా చూడటం, నేటి ఖరీదైన రంగులకే ఎక్కువ అవసరం.

తేడా ఎక్కడ పుడుతుంది?

లప్పం దాహం: పాత రంగు మీద రెసిన్ పొర ఉంటుంది, అది కొత్త రంగును పీల్చుకోదు. పక్కనే కొత్తగా పెట్టిన లప్పం మాత్రం రంగులోని తడిని, దాంతోపాటు కొంత రెసిన్‌నూ లాగేసుకుంటుంది. పైన పొడి మిగులుతుంది. ఆ చోటు ఎండిపోయినట్టు కనిపిస్తుంది. ప్రైమర్ వేయకుండా చేసిన టచప్‌లు దొరికిపోయేది ఎక్కువగా ఇందుకే.

అడుగు కలపని డబ్బా: మెరుపు తగ్గించే పొడులు అడుక్కి దిగుతాయి. మూత తీసి పైపైన కలిపి వాడితే, మొదట వేసిన గోడ ఎక్కువ మెరుస్తుంది. డబ్బా అడుగు వాడిన గోడ మెరుపు తగ్గి ఉంటుంది. రంగు ఒకటే, గది ఒకటే, గోడలు మాత్రం రెండు తీర్లు.

నీళ్లు: డబ్బా మీద రాసిన కొలత దాటి నీళ్లు కలిపితే పొర పల్చబడి కింది గోడ తీరు బయటపడుతుంది. ఒక బకెట్‌లో ఒకలా, ఇంకో బకెట్‌లో ఇంకోలా కలిపితే మెరుపు కూడా బకెట్‌కో తీరుగా వస్తుంది.

బ్రష్షు, రోలర్: మూలలకు, సీలింగు అంచులకు బ్రష్షుతో కటింగ్ చేస్తారు. నడుమంతా రోలర్‌తో వేస్తారు. బ్రష్షు గీతలు వేరు, రోలర్ చుక్కలు వేరు. కటింగ్ పూర్తిగా ఆరాక రోలర్ అందుకుంటే గోడ చుట్టూ ఫొటో ఫ్రేములా అంచు తేలుతుంది.

ఎండ, చెమ్మ: ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను కింద రంగు వేస్తే వేసింది వేసినట్టే ఆరిపోతుంది. ఆరిన అంచు మీద మళ్లీ రోలర్ పడిన చోట రెండు పొరలై చారలు కడతాయి. తీర ప్రాంతాల్లో వానాకాలం కథ వేరు. ఎనామిల్ ఆరకముందే తేమ పడితే దాని నిగారింపు మందగిస్తుంది. స్నానాల గదిలో కొత్త ఎమల్షన్ మీద జిగటగా గోధుమరంగు చారలు జారుతుంటాయి. రంగులో కలిపే సబ్బులాంటి రసాయనాలు ఆరడం ఆలస్యమై పైకి తేలడం వల్ల అలా అవుతుంది. మామూలు నీళ్లతో తుడిస్తే చాలావరకు పోతాయి.

వాడకం: మ్యాట్ గోడను ఒకే చోట పదేపదే రుద్దితే ఆ చోటు నునుపెక్కి మెరుస్తుంది. సోఫా వెనక, మంచం తలవైపు తలనూనె మరకలు, పొయ్యి వెనక పోపు ఆవిరి కట్టిన జిడ్డు పొర కూడా మ్యాట్‌ను శాటిన్‌లా మార్చేస్తాయి.

ముందు పరీక్ష, తర్వాతే పని

బ్రష్షు పట్టే ముందు అసలు కారణం తెలుసుకోవాలి. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, టార్చిని గోడకు ఆనించినట్టు పట్టి వెలుగును గోడ పొడవునా పోనివ్వండి. మెరుపు తేడాలు, లప్పం ఎగుడుదిగుళ్లు, బ్రష్షు గీతలు అన్నీ బయటపడతాయి. పెన్సిల్‌తో తేలిగ్గా గుర్తు పెట్టుకోండి.

తర్వాత ఆ చోటును పల్చటి సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, మంచినీళ్లతో మళ్లీ తుడిచి ఆరనివ్వండి. తేడా పోతే అది జిడ్డే. పోకపోతే రంగు పనిలో పడాల్సిందే.

గోడకున్నది ఎమల్షనా, ఎనామిలా అన్న అనుమానం వస్తే, మందుల షాపులో దొరికే స్పిరిట్‌తో దూది తడిపి ఓ మూల గట్టిగా రుద్దండి. రంగు మెత్తబడి దూదికి అంటితే ఎమల్షన్. అంటకపోతే ఎనామిల్ అనుకోవచ్చు. పాత పొర గట్టిగా పట్టి ఉందో లేదో చూడటానికి బ్లేడుతో చిన్న ఇంటూ గుర్తు గీసి, టేపు అంటించి ఒక్కసారిగా లాగండి. టేపుతోపాటు రంగు ఊడివస్తే పైన ఎంత మంచి పెయింటు వేసినా నిలవదు. ముందు ఆ పొరను గీకి తీయాలి.

వేసిన రంగు కొత్తదైతే తొందరపడొద్దు. తడి మీద మెరిసే గోడ ఆరేకొద్దీ తన అసలు మెరుపుకు వస్తుంది. పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. రెండో కోటు పడకముందు మెరుపు గురించి తీర్పు చెప్పడం కూడా తొందరే.

బాగుచేసే దారులు

చిన్న అతుకు, మ్యాట్ గోడ: టచప్‌కు ఎక్కువ లొంగేది మ్యాటే. మొదట వేసిన డబ్బాలోది మిగిలి ఉంటే అడుగు దాకా కలిపి, గుడ్డలో వడకట్టండి. అతుకు అంచులను 180 నంబరు, ఆపైన 220 నంబరు ఎమిరీ పేపరుతో చేతికి తగలనంత చదును చేయండి. దుమ్ము తుడిచి, లప్పం ఉన్నంత మేరకు ప్రైమర్ వేయండి. గోడకు రోలర్ వాడి ఉంటే టచప్‌కూ చిన్న రోలరే వాడాలి. అతుకు నడుమ మొదలుపెట్టి, అంచులకు వచ్చేసరికి రోలర్‌లో రంగు అయిపోయేలా తేలిగ్గా లాగాలి.

చిన్న అతుకు, శాటిన్ గోడ: ఇక్కడ అతుకు దగ్గరే ఆగిపోవద్దు. ప్రైమర్ అతుక్కి వేసినా, రంగు మాత్రం ఆ గోడ మొత్తానికి, ఈ మూల నుంచి ఆ మూలకు, రెండు కోట్లు పడాలి. గది మొత్తం వేయక్కర్లేదు. రెండు గోడలు కలిసే మూలలో వెలుగు పడే తీరే మారుతుంది కాబట్టి చిన్న తేడాలు అక్కడ కలిసిపోతాయి. పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గోడ అంటే 120 చదరపు అడుగులు. రెండు కోట్లకు లీటరు, లీటరున్నర రంగు సరిపోతుంది. మూడుసార్లు టచప్ చేయించి మూడుసార్లు బాధపడేకన్నా ఇదే చవక.

ఒక గోడ మ్యాట్, ఒక గోడ శాటిన్ పడితే: గదికి ఏది కావాలో ముందు తేల్చుకోండి. మ్యాట్ గోడను శాటిన్ చేయడం తేలిక. తుడిచి, పొడి రాలకుండా ఉంటే నేరుగా రెండు కోట్లు వేయొచ్చు. శాటిన్‌ను మ్యాట్ చేయాలంటే ముందు 220 పేపరుతో మెరుపు చావగొట్టి, దుమ్ము తుడిచి, ఆపైన వేయాలి. మెరిసే గోడను పేపరుతో రుద్ది అలాగే వదిలేస్తే మ్యాట్ అయిపోదు, గీతలు తేలుతాయి.

ఎనామిల్ మీద ఎమల్షన్: పాత ఇళ్లలో వంటింటి గోడలకు నడుము ఎత్తు వరకు ఎనామిల్ వేయించేవారు. ఆ నున్నటి పొర మీద నేరుగా ఎమల్షన్ వేస్తే కొన్నాళ్లకు పొరలు పొరలుగా లేస్తుంది. జిడ్డు కడిగి, పేపరుతో గరుకు చేసి, నూనె రంగుల మీద పట్టే ప్రైమర్ వేశాకే ఎమల్షన్. కొత్తగా కట్టిన గోడకు ఎనామిల్ వేయించాలన్న ఆలోచన ఉంటే ప్లాస్టరింగ్‌ను కనీసం 28 రోజులు ఆరనివ్వాలి. పచ్చి సిమెంటులోని క్షారం నూనె రంగును సబ్బుగా మార్చేస్తుంది.

నూనె, మసి మరకలు: తలనూనె మరక మీద ఎన్ని కోట్లు వేసినా మళ్లీ పైకి తేలుతుంది. కడిగి ఆరాక, మరకను ఆపే ప్రైమర్ వేసి అప్పుడు రంగు వేయాలి. పూజగది పైభాగంలో దీపపు మసికీ ఇదే పద్ధతి.

తలుపులు, గుమ్మాలు: తెల్ల నూనె ఎనామిల్ వెలుతురు తగలని చోట పసుపు తిరుగుతుంది. తలుపు వెనక, బీరువా చాటున ఎక్కువగా కనిపించేది అందుకే. దాని మీద కొత్త తెలుపు అద్దితే రంగూ కలవదు, మెరుపూ కలవదు. తలుపు రెక్క మొత్తం రుద్ది, మొత్తం వేయాలి. పసుపెక్కకుండా ఉండాలంటే నీళ్లతో కలిపే ఎనామిల్ మంచిది.

పాత ఎనామిల్ రుద్దే ముందు

మనదేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు) మించకూడదన్న నిబంధన 2016లో వచ్చింది. 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. కిటికీ గ్రిల్స్, తలుపులు, గడపలు రుద్దినప్పుడు లేచే దుమ్ము పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. గర్భిణులకూ ప్రమాదమే. అందుకే పొడిగా రుద్దనివ్వకండి. నీళ్లు చల్లి, వాటర్ పేపరుతో రుద్దించండి. నేల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, పని అయ్యాక తడిగుడ్డతో ఎత్తేయండి. పిల్లలను ఆ పూట ఇంకో చోట ఉంచండి. రుద్దే మనిషికి మంచి మాస్కు ఇవ్వడం ఇంటివాళ్ల బాధ్యత. రోజూ ఆ దుమ్ములో బతికేది ఆయనే.

ఏ గదికి ఎంత మెరుపు?

ఇల్లంతా ఒకే మెరుపు ఉండాలన్న నియమం లేదు. మెరుపు మారే చోటు మన నిర్ణయం ప్రకారం ఉండాలి. గోడ నడుమ మారితే అతుకుల బొంతలా ఉంటుంది. మూల దగ్గర, గుమ్మం చెక్క దగ్గర, సీలింగు అంచు దగ్గర మారితే తీర్చిదిద్దినట్టు ఉంటుంది.

సీలింగుకు పూర్తి మ్యాట్. స్లాబు ఎగుడుదిగుళ్లను దాచేది అదే. పడకగదులకు మ్యాట్, లేదా చాలా తక్కువ మెరుపు. హాలుకు, పిల్లల గదికి తుడుచుకునే వీలుండేలా శాటిన్. అయితే లప్పం పని ఎంత చదునుగా ఉంటే శాటిన్ అంత బాగుంటుంది, లోపాలుంటే అన్నిటినీ చూపిస్తుంది. వంటింటికి, పూజగదికి సెమీ గ్లాస్ నయం. జిడ్డు, మసి తేలిగ్గా వదులుతాయి. గ్రిల్స్‌కు రెడ్ ఆక్సైడ్ మీద ఎనామిల్. గడపకు పసుపు రాసే బదులు చాలామంది పసుపు ఎనామిల్ వేయించి బొట్లు దిద్దిస్తున్నారు. అక్కడ నిండు మెరుపే అందం. పక్కనున్న టేకు గుమ్మం పాలిష్ మీదకు అది పాకకుండా మాస్కింగ్ టేపు వేయించుకుంటే చాలు.

మేస్త్రితో ముందే మాట

పని మొదలయ్యే రోజు పొద్దున ఓ పావుగంట మేస్త్రితో కూర్చోండి. ‘అన్ని డబ్బాలూ ఒకే డ్రమ్ములో పోసి కలుపుదాం మేస్త్రీ’ అని అడిగితే అనుభవమున్న ఏ మేస్త్రీ కాదనడు. బ్యాచ్ తేడాలు అక్కడితో పోతాయి. గోడకు ఇద్దరు మనుషులు ఉండాలి. ఒకరు కటింగ్ చేస్తుంటే, అది ఆరకముందే రెండోవారు రోలర్‌తో అందుకోవాలి. మొదలుపెట్టిన గోడ మధ్యలో భోజనానికి ఆగకూడదు. ఫ్యాను ఆపాలి. ఎండాకాలమైతే ఎండ పడే గోడలు పొద్దున్నే ముగించాలి. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, ఏసీ బిగించేవారు పని పూర్తిచేశాకే ఆఖరి కోటు పడాలి. ఆఖరి కోటు పడ్డాక గోడ కొట్టకపోతే, ఇంతసేపూ చెప్పుకున్న తిప్పల్లో సగం ఉండవు.

పని అయ్యాక రాసి పెట్టుకోవాల్సినవి ఇవి:

- కంపెనీ, రంగు పేరు, షేడ్ కోడ్
- ఫినిష్, బ్యాచ్ నంబరు
- ఎంత రంగుకు ఎన్ని నీళ్లు కలిపారు
- ఏ రోలర్, ఎన్ని కోట్లు
- వేసిన తేదీ

ఈ వివరాలు రాసిన కాగితాన్ని మెయిన్ స్విచ్‌బోర్డు తలుపు లోపలివైపు అంటించండి. ప్రతి రంగులో అర లీటరు చిన్న డబ్బాలో గాలి చొరకుండా మూసి, ఎండ తగలని చోట ఉంచండి. రెండేళ్ల తర్వాత మేకు పీకినా, కుళాయి మార్చినా ఎవరినీ నిందించాల్సిన పని ఉండదు.

ఇంటికి రంగులంటే మామూలు కుటుంబానికి పెద్ద ఖర్చు. అప్పు చేసి వేయించేవారూ ఉన్నారు. నిచ్చెన మీద నిలబడి, మెడ వెనక్కి విరిచి, రోజంతా రోలర్ లాగే పెయింటర్ కష్టమూ చిన్నది కాదు. ఆ డబ్బు, ఆ కష్టం కళ్ల ముందు నిండుగా కనబడాలంటే రంగుల షాపులో రెండు ప్రశ్నలూ కలిపే అడగాలి. ‘ఏ రంగు?’ అన్న వెంటనే ‘ఎంత మెరుపు?’ అనాలి. షేడ్ కార్డు చూసి సరిపెట్టుకోకుండా, కావలసిన ఫినిష్‌లోనే నమూనా రంగు తీసుకుని, ఇంటి గోడ మీద రెండడుగుల మేర రెండు కోట్లు వేయించి, పగటి వెలుగులో ఒకసారి, రాత్రి లైట్లలో ఒకసారి చూసి, అప్పుడే డబ్బాలు కొనండి.